ట్యాబులిచ్చి చేతులు దులుపుకోకండి: గోదావరి డెల్టా వైద్యాధికారులకీ డాక్టర్లకీ బహిరంగ లేఖ

డెల్టా జిల్లాల కలెక్టర్ గార్లకీ, జిల్లా వైద్య ఆరోగ్య అధికారులకీ, మా పెద్దోళ్ళని చూసే న్యూరాలజీ, సైకియాట్రీ డాక్టర్లకీ,

నమస్కారమండి. వరదలప్పుడు మీరు పడే పాట్లు గోదావరి పాయల మధ్య లంకల వైపు ఉండే మేం కళ్ళారా చూస్తూనే ఉంటాం, ఆ గౌరవం మాకుంది. ఇక మర్యాదలు ఇక్కడితో ఆపి విషయంలోకి వస్తాను.

నేను గోదావరి వైనతేయ పాయ దగ్గర ఒక చిన్న ఊళ్ళో జెరాక్స్, నెట్ సెంటర్ నడుపుకుంటున్నాను. కంప్యూటర్ అంటే భయపడే మనిషిని కాదు, నా తిండే దాని మీద. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే ఈ ఉత్తరమంతా కంప్యూటర్‌తో పెద్దోళ్ళ మతిమరుపు తగ్గిస్తాం అనే మాట గురించే, ఆ పేరుతో వృద్ధాశ్రమాలకి ట్యాబులు పంచబోవడం గురించే, చదివాక "వీడెవడో టెక్నాలజీ తెలీని పల్లెటూరోడు" అని పక్కన పడేస్తారేమో అని.

మా అమ్మకి 72 ఏళ్ళు. ఐదో తరగతి దాకా చదివింది. నాన్న పోయాక ఎకరం ముప్పావు కొబ్బరితోట తనే చూసుకుంది, దింపు రోజున ఎన్ని చెట్లు ఎక్కారు, ఎన్ని కాయలు పడ్డాయి, దింపు కూలి ఎంత, ఒలుపు ఎంత, అన్నీ నోటిలెక్కే, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ రేటు ఫోన్లో కనుక్కుని మరీ వర్తకుడితో బేరమాడేది. అలాంటి మనిషి మూడేళ్ళ కింద ఒక దింపుకి కూలి డబ్బులు రెండుసార్లు ఇచ్చేసింది. దింపు మనిషి మంచోడు కాబట్టి సాయంత్రం వెనక్కి తెచ్చిచ్చాడు. ఆ తర్వాత పులుసులో రెండుసార్లు ఉప్పు, పొద్దున్న వేసుకున్న బీపీ బిళ్ళ మళ్ళీ పదింటికి ఇంకోటి. 96 నవంబరు తుపాను రాత్రి మా ఇంటి ఏ గోడ ఏ వైపు పడిందో, ఎవరి గేదె ఎక్కడ తేలిందో ఇప్పటికీ పొల్లు పోకుండా చెప్తుంది, మధ్యాహ్నం అన్నం తిన్నదో లేదో మాత్రం నన్నడుగుతుంది.

ఊళ్ళో దీన్ని చాదస్తం అంటారు. మొదట చూపించిన డాక్టరు గారు కూడా అదే మాట కొంచెం ఇంగ్లీషు కలిపి చెప్పారు, ఏజ్ అండీ, ఏం చేస్తాం, అని. ఏడాదిన్నర తిరిగాక పెద్ద సిటీలో ఎమ్మారై, థైరాయిడ్, బీ12 అన్నీ చూసి, గంటసేపు ప్రశ్నలడిగి, మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అని రాశారు. అంటే జ్ఞాపకశక్తి వయసుకి మించి తగ్గింది గానీ తన పనులు తను చేసుకోగలుగుతుంది, ఇంకా డిమెన్షియా, అంటే మతిమరుపు ముదిరి రోజువారీ పనులే సాగని జబ్బు, కాదు అని. ఈ స్టేజీలో ఉన్నవాళ్ళందరికీ ముదురుతుందని లేదట, కొందరికి అలాగే ఉండిపోతుందట, కొందరు మామూలైపోతారట కూడా. ఈ ఒక్క ముక్క ఏడాదిన్నర ముందు ఎవరైనా చెప్పుంటే మా ఇంట్లో ఎన్ని గొడవలు తగ్గేవో. అమ్మ కావాలనే చేస్తోందనుకుని నేను కేకలేసిన రోజులున్నాయండి, అవి తల్చుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

అక్కణ్ణుంచి బయటికొస్తుంటే చేతిలో ఒక పాంప్లెట్ పెట్టారు. బ్రెయిన్ ట్రైనింగ్ ప్యాకేజీ, ఆరు నెలలకి 28 వేలు. రోజూ ఇంట్లో ట్యాబ్‌లో గేములు ఆడితే జ్ఞాపకశక్తి తిరిగొస్తుంది, డిమెన్షియా 29 శాతం తగ్గుతుంది అని పెద్దక్షరాల్లో వేశారు. రెండు దింపుల డబ్బులు కట్టాం. ఏ సంస్థో పేరు రాయను, ఇలాంటివి ఒకటి కాదు కాబట్టి.

ఆ గేముల్లో ఒక ఆడగొంతు అమెరికా యాసలో ఏదో చెప్తుంది, అమ్మకి ఒక్క ముక్క అర్థం కాదు. బొమ్మలొస్తాయి, బేస్‌బాల్ బ్యాటు, మంచు ఇల్లు, ఏదో కేకు. వాటి పేర్లు గుర్తుపెట్టుకోవాలట. జన్మలో చూడని వస్తువు గుర్తులేకపోతే అది మతిమరుపా అండి? తప్పు నొక్కితే బయ్ అని ఎర్ర గుర్తు వచ్చేది. నాలుగో రోజు అమ్మ ట్యాబ్ మంచం మీద పడేసి "నాకు ఈ వయసులో పరీక్ష పెడతన్నార్రా, నేను తప్పేను కదా, ఇంక వదిలెయ్యండి" అని చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ట్యాబ్ ఇప్పుడు మా అబ్బాయి దగ్గరుంది, కార్టూన్లు చూసుకుంటున్నాడు.

అప్పుడు రాత్రిళ్ళు షట్టర్ దించాక సెంటర్లోనే కూర్చుని ఈ బ్రెయిన్ ట్రైనింగ్ అసలు సంగతేంటో చదవడం మొదలెట్టాను. డాక్టర్లకి తెలిసినవే, కానీ మాలాంటి వాళ్ళకి ఎవరూ చెప్పనివి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆ 29 శాతం అంకె గాల్లోంచి పుట్టలేదు, నిజంగానే ఉంది. అమెరికాలో యాక్టివ్ అనే పెద్ద స్టడీ జరిగింది, 65 దాటిన 2,832 మందిని తీసుకుని కొందరికి జ్ఞాపకశక్తి, కొందరికి లాజిక్, కొందరికి చూపు వేగం మీద ట్రైనింగ్ ఇచ్చారు, ఇంకొందరికి ఏమీ ఇవ్వలేదు. గంట గంటన్నర లోపు సెషన్లు, మొత్తం పది, ఐదారు వారాల్లో. వీటిలో కంప్యూటర్ మీద జరిగింది ఆ చూపు వేగానిదే, స్క్రీన్ మధ్యలో ఒక బొమ్మ, అంచున ఇంకో బొమ్మ ఒక్క క్షణం కనపడి మాయమవుతాయి, రెండూ పట్టుకోవాలి, బాగా ఆడేకొద్దీ ఆ క్షణం ఇంకా చిన్నదవుతుంది. పదేళ్ళ తర్వాత లెక్కేస్తే ఆ ఒక్క గ్రూపులోనే డిమెన్షియా రిస్కు 29 శాతం తక్కువ కనపడింది, 2017లో వచ్చింది ఆ పేపర్. మిగతా రెండు గ్రూపుల్లో తేడా తేలలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, వాళ్ళు మొదలెట్టినప్పుడు డిమెన్షియా లక్షణాల్లేని మామూలు పెద్దవాళ్ళు. మా అమ్మలాంటి వాళ్ళ మీద చేసింది కాదది. వేరేవాళ్ళ అంకె తెచ్చి మా పాంప్లెట్ మీద వేసుకున్నారన్నమాట.

మరి మతిమరుపు మొదలైనవాళ్ళ సంగతి? 2017లోనే ఇంకో పేపర్ వచ్చింది, అప్పటిదాకా జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూశారు. మైల్డ్ స్టేజీ వాళ్ళ మీద 17 ట్రయల్స్, 686 మంది, వీళ్ళకి కంప్యూటర్ ట్రైనింగ్ వల్ల ఓ మోస్తరు లాభం కనపడింది, దిగులు కూడా కొంత తగ్గింది. డిమెన్షియా వచ్చేసినవాళ్ళ మీద 12 ట్రయల్స్, అక్కడ లాభం చాలా బలహీనం. తర్వాత 2019లో, వైద్య పరిశోధనలన్నీ కలిపి తూకం వేసే కోక్రేన్ సంస్థ వాళ్ళు ఇంకా గట్టి జల్లెడ పట్టారు, 8 ట్రయల్సూ 660 మందీ మిగిలారు, ఇది డిమెన్షియాని ఆపుతుందా లేదా అన్నది ఈ ఆధారాలతో తేల్చలేం అన్నారు. అదే ఏడాది డబ్ల్యూహెచ్‌ఓ కూడా మైల్డ్ స్టేజీ వాళ్ళకి ఇలాంటి ట్రైనింగ్ ఇవ్వొచ్చు అంటూనే ఆధారం బలంగా లేదని ఒప్పుకుంది. అంటే ఇది మోసమూ కాదు, మందూ కాదు. సరిగ్గా చేస్తే కొంచెం పనికొచ్చేది, అంతే.

"సరిగ్గా చేస్తే" అనే మాట దగ్గరే నా పోరంతా. 2014లో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మీద జరిగిన 50కి పైగా ట్రయల్స్ కలిపి చూసిన పేపర్ ఒకటుంది. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆడినవాళ్ళకి లాభం లేదు, గ్రూపులో, పక్కన నేర్పే మనిషి ఉండగా చేసినవాళ్ళకే కనపడింది. వారానికి మూడుసార్లకి మించి చేసినా లేదు, అరగంట లోపు సెషన్లకీ లేదు. మాకు అమ్మిన ప్యాకేజీ ఏంటంటే, రోజూ, ఇంట్లో, ఒంటరిగా, 15 నిమిషాలు. పని చెయ్యని పద్ధతులన్నీ ఏరి కలిపినట్టుంది!

ఇది పట్టుకుని నేను సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌కి వెళ్ళాను. మా పెద్దోళ్ళ మతిమరుపు చూడ్డానికి దగ్గర్లో ఒక క్లినిక్, తెలుగులో ట్రైనింగ్ ఇచ్చే ఒక మనిషి కావాలని అర్జీ ఇచ్చాను. పది రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో నాకు తెలీదు. రెండోసారి ఇచ్చాను, ఈసారి ఒకాయన ఫోన్ చేసి "ఇది ఏ డిపార్ట్‌మెంట్ కింద రాయమంటారండీ" అని నన్నే అడిగారు. మూడోసారి ఒక ఆసుపత్రిలో పెద్దవారిని కలిశాను, మర్యాదగానే మాట్లాడారు, మెమరీ క్లినిక్‌కి పోస్టు శాంక్షన్ లేదండి అన్నారు, అంటూ ఒక మంచివార్త అన్నట్టు చెప్పారు, దాతలెవరో ముందుకొచ్చారు, వృద్ధాశ్రమాలకి బ్రెయిన్ గేములున్న ట్యాబులు ఇస్తారు, ప్రారంభోత్సవం పెడదాం, మీరూ రండి అని. ఆ ట్యాబుల్లో ఏ భాష గేములున్నాయని అడిగితే సమాధానం లేదు. ఆ రోజు ఇంటికొచ్చేటప్పుడు ఏరు దాటించే పంటు మీద నిలబడి అనుకున్నాను, ఇంక కాయితం ఇచ్చి లాభం లేదు, అందరికీ కనపడేలా రాద్దామని.

మా కష్టాలూ, మేం అడిగేవీ విడివిడిగా రాయడం నాకు చేతకాలేదు, కలిపే రాస్తున్నాను.

1. జబ్బు గుర్తించే చోటే లేదు. దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మంది అని 2023లో వచ్చిన సర్వే చెప్పింది. అందులోనూ ఆడవాళ్ళలో, పల్లెల్లో, చదువు తక్కువైన వాళ్ళలో ఎక్కువ. మా లంక ఊళ్ళంటే ఈ మూడూ కలిసిన చోటే కదండీ. ఒక ఊళ్ళో 300 మంది పెద్దవాళ్ళుంటే ఆ లెక్కన 22 మంది, ఇంకా మైల్డ్ స్టేజీ వాళ్ళు ఇందులో లేరు. ఈ 22 మందిలో ఒక్కళ్ళకైనా పేరు పెట్టిన జబ్బు ఉందా అంటే మా ఊళ్ళో నాకు తెలిసి లేదు, అందరిదీ చాదస్తమే. పరీక్ష చేయిద్దామంటే రైలు మా దాకా ఇంకా రాలేదు, బస్సు, పంటు, ఆటో, ఒక రోజు పోద్ది, తోడు వెళ్ళినోడి కూలీ పోద్ది.

2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 20 తీసి చదవండి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకి ప్రత్యేకంగా సౌకర్యం ఉండాలి, దానికి వృద్ధుల వైద్యంలో అనుభవమున్న డాక్టరు పెద్దగా ఉండాలి అని రాసుంది. శాంక్షన్ లేదనడానికి ముందు ఈ చట్టం ఉంది. మేం అడిగేది కొత్త బిల్డింగు కాదు, వారానికి ఒక పూట, ఒక గది, ఒక డాక్టరు, పరీక్ష చెయ్యడం వచ్చిన ఒక మనిషి. ఆ పరీక్షలు తెలుగులో లేవని చెప్పకండి, దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ తయారుచేయించిన పరీక్షల సెట్టు ఐదు భాషల్లో ఉంది, అందులో తెలుగొకటి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి తెలుగులోనే ఈ పరీక్షలు చేశారు, అక్కడి మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది పేషెంట్ల మీద 2013లో వచ్చిన పేపర్ ప్రపంచమంతా చదివింది, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి డిమెన్షియా నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చిందని, చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా ఉందని. మన గడ్డ మీద పుట్టిన పని అది, గోదావరి దాటి మా వైపు రావడానికే దారి దొరకట్లేదు.

ఇంకోటి, పరీక్ష అంటే ముందు కళ్ళు, చెవులు, బీ12, థైరాయిడ్, దిగులు చూడండి. మా పక్క వీధి పెద్దాయనకి మతి పోయిందనుకున్నారు, చెవికి మిషన్ పెట్టాక సగం మతి తిరిగొచ్చింది, పాపం ఆయనకి వినపడక ఏదో ఒకటి చెప్పేవాడు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక కమిషన్ చెప్పిన, డిమెన్షియాకి మనం మార్చుకోగల 14 కారణాల్లో వినికిడి, చూపు, బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాల్ అన్నీ ఉన్నాయి. బీపీ, షుగరు చూడ్డానికి ఎలాగూ ఇంటింటికీ వస్తున్నారు, అదే పుస్తకంలో ఇంకో రెండు ప్రశ్నలు పట్టవా?

2. డబ్బులు పోతున్నాయి. మా 28 వేలు పోతే పోయాయి, మా ఊరి పక్కన ఒకావిడ కువైట్‌లో ఇంటిపని చేసి పంపిన డబ్బుతో వాళ్ళ నాన్నకి ఏడాది ప్యాకేజీ కొన్నారు, ఆయన అప్పటికే మనుషుల్ని గుర్తుపట్టని స్టేజీలో ఉన్నాడు. అల్జీమర్స్, అంటే డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చే రకం, ముదిరినవాళ్ళకి ఇది అమ్మడం అన్యాయమండి. ఇంగ్లండ్‌లో డాక్టర్లకి దారి చూపించే నైస్ సంస్థ 2018లో స్పష్టంగా రాసింది, అల్జీమర్స్ తొలి, మధ్య దశల్లో ఉన్నవాళ్ళకి కూడా చికిత్సగా కాగ్నిటివ్ ట్రైనింగ్, అంటే ఇలాంటి బ్రెయిన్ ట్రైనింగ్, ఇవ్వొద్దని. అమెరికాలో లుమోసిటీ అనే పేరున్న బ్రెయిన్ గేముల కంపెనీ ఆధారం లేకుండా ప్రకటనలు వేసిందని 2016లో అక్కడి ట్రేడ్ కమిషన్ 20 లక్షల డాలర్లు కట్టించింది. మనకీ 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. ఆసుపత్రి గుమ్మంలో పంచే ఆ పాంప్లెట్లు ఒక్కసారి తెప్పించుకుని చదవండి చాలు. జ్ఞాపకశక్తి తిరిగొస్తుంది అనే మాట ఎవరేసినా ఆధారం చూపించమనండి.

3. భాష, బొమ్మలు. ఇంగ్లీషు గేములు మూలన పడేశాక నేనే పవర్‌పాయింట్‌లో ఒకటి చేశాను. ఊళ్ళో తిరిగి ఫోన్‌తో ఫోటోలు తీశాను, కత్తిపీట, కవ్వం, దింపు కత్తి, తాటాకు బుట్ట, రోలు, మా ఊరి రావిచెట్టు, పంటు, జగ్గన్నతోట ప్రభలు, పూతరేకుల పెట్టె. ఆరు బొమ్మలు చూపించి, కొంచెంసేపాగి, ఏవేవి చూశావమ్మా అనడం. సంత లిస్టు ఒకటి, కందిపప్పు అరకిలో, చింతపండు పావు, చదివి వినిపించి ఐదు నిమిషాల తర్వాత చెప్పమనడం. దింపు లెక్కలు కూడా పెట్టాను, ఇన్ని చెట్లు, చెట్టుకి ఇంత కూలి. మొదటి రోజు అమ్మ నవ్వి "ఇది మా అత్తగారి కత్తిపీట కదరా" అని, దాని పిడి ఎప్పుడు మార్చారో ఒక అరగంట చెప్పింది. ట్రైనింగ్ ఆ రోజుకి ఆగిపోయిందనుకోండి, అయినా సరే.

దాచకుండా చెప్తున్నాను, దీనివల్ల అమ్మకి జ్ఞాపకశక్తి తిరిగి రాలేదు. మొదట ఆరు బొమ్మల్లో రెండు చెప్పేది, నాలుగు నెలల తర్వాత ఐదు చెప్తోంది, కానీ స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం అలాగే ఉంది. ఆటలో స్కోరు పెరగడం వేరు, ఇంట్లో పని సాగడం వేరు, పేపర్లు చెప్పే పెద్ద లోపం కూడా ఇదే. మారిందేంటంటే పొద్దున్నే లేచి తల దువ్వుకుని "ఇవాళ కంప్యూటర్ రోజా?" అని అడుగుతుంది. దిగులు తగ్గింది. గోడవైపు తిరిగి పడుకోవడం మానేసింది. నాకైతే అదే పదివేలు, కానీ దీన్నే 28 వేలకి అమ్మితే మాత్రం ఒప్పుకోను.

అసలు ఇది నాలాంటోడు చేసే పని కాదు. ఆడేవాళ్ళని బట్టి కష్టం పెరగాలి తగ్గాలి, మరీ తేలికైతే విసుగు, మరీ కష్టమైతే అవమానం, ఆ కొలత నాకు తెలీదు. కాకినాడలో, భీమవరంలో ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులంటూ పిల్లలు నా దగ్గరికే జెరాక్సులకొస్తారు, పాత ప్రాజెక్టులే మళ్ళీ బైండింగ్ చేయించుకుపోతారు. సైకాలజీ తెలిసిన డాక్టర్లు దారి చూపిస్తే వాళ్ళు ఒక్క ఏడాదిలో తెలుగులో, చదవడం రానివాళ్ళు కూడా వింటూ ఆడేలా, ఎర్ర గుర్తులూ బయ్ శబ్దాలూ లేకుండా చెయ్యగలరు. దాన్ని అందరికీ ఉచితంగా పెట్టండి.

4. పక్కన కూర్చునే మనిషి. నా ఫైలు సగం పని చేస్తే మిగతా సగం మా చెల్లెలు చేసింది, వారానికి మూడు రోజులు నలభై నిమిషాలు అమ్మ పక్కన కూర్చునేది. తనకి పెళ్ళి కుదిరి వెళ్ళాక రెండు నెలలు అన్నీ ఆగిపోయాయి, అమ్మ ఒక్కతీ మౌస్ ముట్టుకోలేదు. ట్యాబులు పంచుతామన్నప్పుడు నాకు కోపం వచ్చింది అందుకే. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ట్యాబులు మా ఊళ్ళో ఎన్ని బీరువాల్లో పట్టుచీరల కింద ఉన్నాయో నాకు తెలుసు, పాస్‌వర్డులు తీయించుకోడానికి నా దగ్గరికే తెస్తారు.

దాతల డబ్బు ట్యాబుల మీద కాకుండా మనుషుల మీద పెట్టించండి. ఒక్కో మండలంలో ఒక చోట, సచివాలయం హాలైనా స్కూలు కంప్యూటర్ గదైనా సాయంత్రం పూట, ఆరుగురో ఎనిమిది మందో పెద్దవాళ్ళు, వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి ముప్పావుగంట, డిగ్రీ చదివి ఊళ్ళోనే ఉన్న ఒక అమ్మాయికి ట్రైనింగిచ్చి జీతమివ్వండి. దయచేసి ఆశా వర్కర్ల నెత్తిన ఇది కూడా పెట్టకండి, వాళ్ళకిప్పటికే ఫోన్లో ఎన్ని యాపులున్నాయో లెక్కపెట్టండి ఒకసారి.

మైల్డ్ స్టేజీ దాటినవాళ్ళని కూడా వదలొద్దు. వాళ్ళకి కంప్యూటర్ అక్కర్లేదు. నైస్ వాళ్ళు ట్రైనింగ్ వద్దన్న ఆ కాయితంలోనే కాగ్నిటివ్ స్టిమ్యులేషన్ థెరపీ ఇవ్వండి అన్నారు, గ్రూపుగా కూర్చోబెట్టి పాత సంగతులు, పాటలు, వంటలు, డబ్బు లెక్కలు మాట్లాడించడం, వారానికి రెండుసార్లు చొప్పున ఏడు వారాలు, 14 సెషన్లు. చెన్నైలో దాన్ని తమిళంలోకి మార్చుకున్నారు. మనకి మార్చుకోడానికి ఏం తక్కువ? 86 ఆగస్టు వరద అనే ఒక్క మాట అనండి, మా లంకల పెద్దోళ్ళని ఆపడం మీ తరం కాదు.

5. సంతకాలు, వేలిముద్రలు. ఇది డాక్టర్లకి సంబంధం లేదనుకోవద్దు. జబ్బుకి కాయితం లేకపోతే మనిషి చట్టం దృష్టిలో మామూలుగా ఉన్నట్టే. తోట ఎవరికో రాసిచ్చేసి మర్నాటికి మర్చిపోయిన పెద్దాయన సంగతి నాకు తెలుసు, దస్తావేజు జెరాక్సు నా షాపులోనే తీశారు, అప్పుడు నాకూ తెలీదు. ఓటీపీ చెప్పేసి పింఛను డబ్బులు పోగొట్టుకున్నవాళ్ళు సరేసరి. ఒకటో తారీకున నాలుగు వేలు చేతికొస్తాయి, మూడో తారీకుకి ఎక్కడ పెట్టారో తెలీదు, కోడలు తీసిందంటారు. ఆ ఒక్క మాటతో విడిపోయిన ఇళ్ళున్నాయి. పింఛను ఇవ్వడానికి వచ్చే సచివాలయం వాళ్ళకి ఈ జబ్బు గురించి ఒక పూట చెప్పండి, నెలనెలా ఆ మనుషుల్ని చూసేది వాళ్ళే.

6. ఇళ్ళల్లో చూసుకునేవాళ్ళు. కోడళ్ళు, కూతుళ్ళు, చాలా చోట్ల ముసలామెని ఇంకో ముసలాయన. పిల్లలు కువైట్‌లో, ఖతార్‌లో. రోజుకి ముప్పైసార్లు ఒకే ప్రశ్న అడిగితే సమాధానం చెప్పేవాళ్ళకి కూడా మతి పోద్దండి. మా ఆవిడ ఏడాదిన్నరగా పుట్టింటికి వెళ్ళి ఒక్క రాత్రి ఉండలేదు. నేను పైన అంత గొప్పగా రాసిన ట్రైనింగ్‌లో అసలు లాభం ఎవరికో తెలుసా, ఆ నలభై నిమిషాలు మా ఆవిడ ప్రశాంతంగా స్నానం చేసొచ్చేది. గ్రూపు సెషన్లు పెడితే ఇళ్ళల్లో వాళ్ళకి ఆ మాత్రం ఊపిరి ఆడుతుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఒకటుంది, మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416 ఉంది, మా ఊళ్ళో పదిమందిని అడిగితే ఒక్కళ్ళకీ తెలీదు. పీహెచ్‌సీ గోడ మీద రాయించండి, సున్నం ఖర్చే.

7. డాక్టరు గార్లకి. మీ ఓపీ ఎంత రద్దీగా ఉంటుందో తెలుసు. అయినా ఒక ఐదు నిమిషాలు తెలుగులో చెప్పండి. ఇది ఏ స్టేజీ, ఏం ఆశించొచ్చు, ఏం ఆశించకూడదు. ట్రైనింగ్ రాస్తే ఎందుకు రాస్తున్నారో, ఎన్నాళ్ళో, ఏం మారితే పని చేసినట్టో రాయండి. పని చెయ్యకపోతే ఆపెయ్యమని కూడా మీరే చెప్పండి, మేం ఆపితే అమ్మకి అన్యాయం చేశామేమో అని జీవితాంతం కుమిలిపోతాం. ఫిన్లాండ్‌లో ఫింగర్ అనే ట్రయల్‌లో 1,260 మందికి రెండేళ్ళపాటు తిండి, నడక, బీపీ చూసుకోవడం, కంప్యూటర్ ట్రైనింగ్ అన్నీ కలిపి ఇస్తే మేలు కనపడింది కదా, మరి మాకు ఆ నాలుగింటిలో డబ్బులకి అమ్మేది ఒక్కటే ఎందుకు చెప్తున్నారు?

పక్క రాష్ట్రం కర్ణాటకలో బెంగళూరు మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌తో కలిసి జిల్లా ఆసుపత్రుల్లో బ్రెయిన్ హెల్త్ క్లినిక్‌లు మొదలెట్టారు. కేరళలో అయితే 1992 నాడే అల్జీమర్స్ కుటుంబాల కోసం సంఘం పుట్టింది. మన రాష్ట్రంలో 60 దాటినవాళ్ళు 2021 అంచనాల్లోనే 12.4 శాతం, దేశంలో ముందు వరసలో ఉన్నాం. పిల్లలు బయటికెళ్ళిపోయిన డెల్టా ఊళ్ళల్లో వీధిలో నడిస్తే ఆ శాతం కళ్ళకే కనపడుతుంది, లెక్కలక్కర్లేదు.

అన్నీ ఒకేసారి కావని నాకూ తెలుసు. సంక్రాంతి లోపు రెండు పనులు చెయ్యండి చాలు. మొదటిది, డెల్టాలో ఏదో ఒక ఆసుపత్రిలో వారానికి ఒక పూట మెమరీ క్లినిక్ ఏ రోజో తేదీతో సహా ప్రకటించండి. రెండోది, ఆ ట్యాబుల ప్రారంభోత్సవం వాయిదా వేసి, అందులో ఏముందో, ఎవరు పక్కన కూర్చుంటారో ముందు తేల్చండి. అప్పటికీ ఏమీ కాకపోతే మేం ఇళ్ళల్లో చూసుకునేవాళ్ళమే ఒక సోమవారం మా పెద్దోళ్ళని వెంటబెట్టుకుని గ్రీవెన్స్‌కి వస్తాం. గొడవ చెయ్యడానికి కాదండి. మా అమ్మ చేత మీకు దింపు లెక్క ఒకటి చెప్పిస్తాను, తర్వాత మధ్యాహ్నం ఏం తిన్నావని మీరే అడుగుదురు గాని.

ఈలోపు ఎవరికైనా పనికొస్తుందేమో, నా బొమ్మల ఫైలు ఇప్పటికి 212 ఫోటోలయ్యింది. పెన్‌డ్రైవ్ తెచ్చుకుంటే ఊరికే ఇస్తాను, మా షాపు ఆదివారం మధ్యాహ్నం దాకానే. మీ ఊరి ఫోటోలు మీరు కలుపుకోండి, మా కత్తిపీట మీ అమ్మగారికి గుర్తుండాల్సిన పని లేదు.

ఇట్లు,
లంకల వైపు నుంచి ఒక నెట్ సెంటర్ వాడు